హీరో కాలిపోలేదు... కండెన్సరు నీరసించింది!



పోయినవారం మీకొక మాట ఇచ్చాను, గ్రూప్ సాంగు ఎలా తీస్తారో ఈ వారం చెబుతానని. మాట తప్పడం లేదు. కాకపోతే డాన్స్ మాస్టరు కుర్చీ పక్కనుంచి కాకుండా, ఒక వాషింగ్ మెషిన్ వెనకాల మోకాళ్ల మీద కూర్చుని చెబుతున్నాను. అంతే తేడా!

నవ్వకండి. తెర మీద హీరోయిన్ వెనకాల 24 మంది అమ్మాయిలు ఒకే రంగు గాగ్రాల్లో గిర్రున తిరిగితే మీరు ఈల వేస్తారు గదా! ఆ గాగ్రాలు అలా తిరగాలంటే అంతకుముందు రాత్రి ఇంకొకటి తిరగాలి. అది తిరగనని మొండికేసిన రాత్రి సంగతి ఇది.

నేనుండేది హైదరాబాదు కృష్ణానగర్‌లో. సినిమా ఊపిరి ఎలా ఉంటుందో చూడాలంటే స్టూడియోలకి వెళ్లక్కర్లేదు, తెల్లవారుజామున మా వీధి చివర టీ బండి దగ్గర నిలబడితే చాలు. జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, లైట్‌మన్లు, మేకప్ అసిస్టెంట్లు అంతా యూనిట్ వాన్ కోసం ఎదురు చూస్తూ కనబడతారు. మా మేడ కింది వాటాలో ఉండే అక్కది నల్గొండ వైపు. వాళ్లాయన లైట్‌మన్‌గా చేసేవాడు. నడుం పట్టేసిన దగ్గర్నుంచి ఇంటిపట్టునే ఉంటున్నాడు. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఆ ఇల్లు నడిచేది అక్క చేతుల మీద, ఇంకా చెప్పాలంటే అక్క వాషింగ్ మెషిన్ మీద! షూటింగుల్లో వాడిన డ్రస్సులు రాత్రికి తెచ్చి పడేస్తారు. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి తెల్లారేసరికి అప్పజెప్పాలి. ఇంతా చేసి టైటిల్స్‌లో ఆమె పేరు రాదు. సినిమాకి ఇరవై నాలుగు శాఖలంటారు గానీ ఈ అక్కది ఎన్నో శాఖో నాకైతే తెలియదు.

ఆ రోజు ముసురు పట్టింది. రాత్రి ఎనిమిది దాటింది. నేను పైన గదిలో పెన్ను కొరుక్కుంటూ కూర్చున్నాను. కింద నుంచి పిలుపు.

"తమ్మీ... ఒక్కసారి కిందికి రా. మిషిన్ తిరుగుతలేదు."

వెళ్లి చూశాను. నేల మీద రెండు బట్టల గుట్టలు. ఒకటి బురద కొట్టుకున్న గాగ్రాలు, రెండోది ఉతికి నీళ్లోడుతున్న గాగ్రాలు. మొత్తం 24 జతలు. ఊరి బయట తోటలో వాన ఎఫెక్టు పెట్టి సాంగు తీశారట. సగం చరణం అయ్యేసరికి వెలుగు పోయింది. మిగతా సగం రేపు ఉదయం. ఇవాళ్టి షాటులో ఉన్న గాగ్రాయే రేపటి షాటులోనూ ఉండాలి. దానినే కంటిన్యూటీ అంటారు. చిన్న సినిమా కాబట్టి రెండో సెట్టు కుట్టించలేదు. తెల్లవారి ఐదింటికి వాను వస్తుంది.

"సాయంత్రం మెకానిక్కు వచ్చి చూసిండు. మోటరు కాలిందంటున్నడు. కొత్తది వెయ్యాలె, నాలుగు వేలైతదన్నడు. అది గూడ ఎల్లుండికంట" అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది గానీ చేతులు మాత్రం తడి గాగ్రాని పిండుతూనే ఉన్నాయి. అప్పటికి ఆరు జతలు చేత్తోనే పిండింది. వేళ్లు తెల్లగా నానిపోయాయి. "ఈ పని పోతే పోనీ తమ్మీ... రేపు టైముకు ఇయ్యకపోతే మల్ల నాకు ఎవ్వరు డ్రస్సులు ఇయ్యరు."

చూశారా! మనం టిక్కెట్టు కొని చూసే సస్పెన్సు వేరు, ఇది వేరు.

అన్నట్టు నేను బి.యస్సీ. చదివాను. ఫిజిక్సు కూడా ఉండేది. పరీక్షలో ఇండక్షన్ మోటార్ గురించి రాసి మార్కులు కొట్టేశాను. మరి మోటారును చేత్తో ముట్టుకున్నానా అంటే... అది అడక్కండి! అయినా సరే, పిలిచినందుకు పరువు దక్కించుకోవాలి గదా. అక్కది రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్ మెషిన్. ఉతికే టబ్బుకొక మోటారు, పిండే టబ్బుకొక మోటారు. ఉతికేది బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పిండేదే పేచీ. మూత వేసి టైమర్ తిప్పితే "ఊఁ..." అని మూలుగుతుంది. ఒక్కోసారి కదలదు, ఒక్కోసారి ముసలి గుర్రంలా నాలుగు చుట్లు తిరిగి నిలబడిపోతుంది.

ఫ్యాను రెక్కను వేలితో నెడితే తిరగడం చూశాం కదా, దీన్నీ అలాగే నెట్టి చూద్దామనిపించింది. మెషిన్ వెనక రేకు విప్పి, కరెంటు ఆన్‌లోనే ఉంచి, చెయ్యి లోపలికి పోనిచ్చాను.

"ఆగవయ్యా! చెయ్యి బయటికి తియ్యి!"

గుమ్మంలో ఎదురింటి బాబాయ్. గోదావరి జిల్లాలో ఒక సినిమా హాల్లో ముప్పై ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసిన మనిషి. 2010 దాటాక కొద్ది సంవత్సరాల్లోనే మన హాళ్లలో రీళ్లు పోయి డిజిటల్ వచ్చింది గదా, అప్పుడు కేబిన్ తాళంచెవి అప్పజెప్పి కొడుకు దగ్గరికి హైదరాబాదు వచ్చేశాడు. ఇప్పుడు వీధిలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తూ కాలక్షేపం చేస్తుంటాడు. దగ్గరికొచ్చి తన కుడిచెయ్యి నా ముఖం ముందు పెట్టాడు. చూపుడు వేలికి చివరి కణుపు లేదు.

"ఇది ఎక్కడ పోయిందో తెలుసా? ప్రొజెక్టరు బెల్టు కింద. నీలాగే, ఆపకుండా చెయ్యి పెట్టాను. హీరో ఎంట్రీ అయ్యాక చూసుకుందాంలే అనుకున్నాను. ముందు ప్లగ్గు పీకు."

పీకాను.

బాబాయ్ తాపీగా పీట మీద కూర్చుని ముందు ప్రశ్నలు వేశాడు. అసలు డాక్టరు పద్ధతి అది.

"మెషిన్ పాడైందని చెప్పకు. ఏం శబ్దం వస్తోందో చెప్పు. బొత్తిగా శబ్దం లేదా, మూలుగుతోందా, గరగరలాడుతోందా?"

"మూలుగుతోంది బాబాయ్."

"అయితే సగం సమాధానం దొరికింది. శబ్దమే లేకపోతే మోటారు దాకా కరెంటు చేరలేదన్నమాట. అప్పుడు మూత స్విచ్చి, టైమర్, వైరు చూడాలి. మూలుగుతోందంటే కరెంటు వస్తోంది, మోటారు తిరగలేకపోతోంది. గరగరలాడితే బేరింగో, బుష్షో అరిగిందని అర్థం. మూడు శబ్దాలు, మూడు దారులు. ఏ దారో తెలియకుండా స్క్రూడ్రైవరు పట్టుకున్నవాడు మెకానిక్కు కాదు, ఫైటింగ్ మాస్టరు!"

ఇక్కడొక చిన్న ఇంటర్వెల్. మోటారు శబ్దం ఈయనకి ఇంత బాగా ఎలా తెలుసు? సినిమా చరిత్రలో మోటారుకి ఉన్న పాత్ర చాలామంది పట్టించుకోరు. మూకీల రోజుల్లో కెమెరాని, చాలాచోట్ల ప్రొజెక్టర్ని కూడా చేత్తోనే తిప్పేవారు. ఆపరేటరు చెయ్యి ఎలా తిరిగితే బొమ్మ అలా నడిచేది. కాస్త వేగం పెరిగినా, తగ్గినా జనం సర్దుకుపోయేవారు. 1931లో ఆర్దేషిర్ ఇరానీ 'ఆలం ఆరా' వచ్చింది. 1932లో హెచ్.ఎం.రెడ్డి 'భక్త ప్రహ్లాద'తో తెర తెలుగులో మాట్లాడింది. మాట వచ్చాక చేతివాటం చెల్లదు. ఫిల్ము సెకనుకి కచ్చితంగా 24 ఫ్రేములు, అంటే అడుగున్నర చొప్పున నడవాలి. వెయ్యడుగుల రీలు సుమారు 11 నిమిషాలు రావాలి. వేగం తగ్గితే బొమ్మ నత్తనడక నడవడమే కాదు, గొంతు కూడా లావైపోతుంది. బొమ్మని కన్ను క్షమిస్తుంది, పాటని చెవి క్షమించదు.

"ఒకసారి సెకండ్ షోలో బెల్టు జారింది. హీరోయిన్ ఏడుస్తూ 'నాన్నా' అంటే విలన్ గొంతు వచ్చింది! నేలక్లాసు మొత్తం పగలబడి నవ్వింది. ఏడవాల్సిన సీను అది. ఆ రోజు నుంచీ కళ్లు తెర మీదున్నా చెవి మాత్రం మోటారు మీదే" అని బాబాయ్ చెప్పాడు.

ఇంటర్వెల్ అయింది. సీట్లలో కూర్చోండి!

బాబాయ్ వరస ఇది. మొదట పిండే టబ్బులో బట్టలన్నీ బయటికి తీయించాడు. తడిబట్టలు ఒక పక్కకే చేరితే టబ్బు అదిరిపోయి వేగం అందుకోదు. చాలాసార్లు జబ్బు అంతకంటే ఏమీ ఉండదు. ఖాళీ టబ్బుతో ఒకసారి నడిపి చూశాం. అదే మూలుగు. మళ్లీ ప్లగ్గు పీకాం.

రెండోది, వోల్టేజి. సంచీలోంచి మల్టీమీటర్ తీసి ప్లగ్గు బోర్డులో పెట్టాడు. 222 చూపించింది. "ఇది ఫరవాలేదు. మోటారు లాగుడుబలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సినచోట 184 ఉందనుకో, వోల్టేజి తగ్గింది ఐదో వంతే, బలం మాత్రం వందకి 64 అయిపోతుంది. సాయంత్రాలు మెషిన్ నీరసపడితే ముందు కరెంటుని అనుమానించాలి."

మూడోది, టబ్బు చేత్తో తేలిగ్గా తిరుగుతోందా లేదా. "మూత తెరిచీ చూడు, వేసీ చూడు" అన్నాడు నాతో. మూత తెరిచి తిప్పాను. బిగుసుగా ఉంది. మూత తెరిస్తే బ్రేకు పడాలి కదా, సహజమే అనుకుని "సరిగ్గానే ఉంది బాబాయ్" అనేశాను. మిత్రులారా, ఈ మాట గుర్తుపెట్టుకోండి. క్లైమాక్సులో దీనితో పని ఉంది!

నాలుగోది, కండెన్సరు. వెనక రేకులోంచి చూస్తే తెల్లటి ప్లాస్టిక్ డబ్బీ, రెండు తీగలు. కెపాసిటర్ అని పుస్తకాల్లో ఉంటుంది, కరెంటు షాపులో కండెన్సరు అంటేనే తెలుస్తుంది. నేను గబుక్కున తీగ లాగబోతే బాబాయ్ మళ్లీ చెయ్యి పట్టుకున్నాడు. ప్లగ్గు పీకినా దాని పొట్టలో కరెంటు మిగిలి ఉండవచ్చు. బల్బు హోల్డరు తీగలు రెండూ దాని రెండు కొసలకి కాసేపు తాకించి ఉంచి, అప్పుడు ఊడదీశాడు. స్క్రూడ్రైవరుతో రెండు కొసలూ కలిపి 'టప్'మనిపించే వీరులున్నారు గానీ ఆయన ఆ పని చెయ్యడు.

డబ్బీ మీద అచ్చు వేసి ఉన్నది 6 మైక్రోఫారడ్లు, 440 వోల్టులు. మీటరు చూపించింది 2.1.

"దొరికాడు దొంగ!" అన్నాడు బాబాయ్.

తర్వాత మోటారు నుంచి వచ్చే మూడు తీగలు చూశాడు. ఏ రెండింటి మధ్య పెట్టినా మీటరు రీడింగు ఇచ్చింది. అంటే చుట్టలు తెగలేదు. తీగకీ, మోటారు బాడీకీ మధ్య పెడితే ఏమీ రాలేదు. అంటే కరెంటు బాడీకి కారడం లేదు. కాలిన వాసన కూడా లేదు. "మోటారు బతికే ఉందమ్మా. నాలుగు వేలు దాచుకో" అన్నాడు అక్కతో. అక్క అప్పుడు మొదటిసారి గాగ్రా పిండడం ఆపి మా వైపు చూసింది.

"మరి మెకానిక్కు కాలిందని ఎట్ల అన్నడు?"

"తిట్టకమ్మా. అతనికి గంటకొక ఇల్లు. మూలుగు విన్నాడు, తిరగలేదు, కాలిందన్నాడు. విప్పి చూసే తీరిక లేదు."

ఇప్పుడు మీలో ఒకరు లేచి అడుగుతారు, "ఇంత చిన్న డబ్బీ లేకపోతే అంత పెద్ద మోటారు తిరగదా?" అని. తిరగదు! ఎందుకో సైకిలుతో చెబుతాను. పెడలు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలబడిందనుకోండి. దాని మీద ఒక్క కాలితో ఎంత తొక్కినా సైకిలు ముందుకీ పోదు, వెనక్కీ పోదు. ఇంట్లోకి వచ్చే ఒంటి ఫేజు కరెంటుతో మోటారు పరిస్థితి అదే. బలం ఉంటుంది, దిక్కు ఉండదు. అందుకే ఆ మూలుగు. అందుకని మోటారులో రెండో చుట్ట పెడతారు. దానికి కరెంటుని కండెన్సరు గుండా పంపుతారు. కండెన్సరు ఆ కరెంటుని కాస్త ముందు వేళకి జరుపుతుంది. ఇప్పుడు రెండు కాళ్లూ వేరువేరు వేళల్లో తొక్కుతున్నట్టయింది. చక్రానికి దిక్కు దొరికింది, తిరిగింది! ఇలాంటి మోటార్లలో కండెన్సరు ఒక్క తోపు తోసి తప్పుకోదు, తిరిగినంతసేపూ పనిలోనే ఉంటుంది. అందుకే అది నీరసిస్తే మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, బరువు పడితే ఆగిపోతుంది, వేడెక్కుతుంది. పట్టించుకోకుండా అలాగే నడిపిస్తే అప్పుడు నిజంగానే కాలుతుంది.

తొమ్మిదిన్నర. వాన. నేను గొడుగు కూడా లేకుండా షాపులవైపు పరుగెత్తాను. రెండు షాపుల షట్టర్లు దించేశారు. మూడో షాపతను తాళం వేస్తుంటే కాళ్లావేళ్లా పడ్డాను. "అదే 6 మైక్రోఫారడ్లు ఉండాలి. వోల్టులు 440కి తగ్గకూడదు. ఎక్కువ మైక్రోఫారడ్లది వేస్తే ఎక్కువ తిరుగుతుందని తెలివితేటలు చూపకు" అని బాబాయ్ ముందే చెప్పి పంపాడు. రెండు వందలకి కొంచెం తక్కువే అయింది. జేబులో అంతే ఉంది.

తడిసి ముద్దయి వచ్చాను. బాబాయ్ బిగించాడు. వైర్లు ముందుగా సెల్‌ఫోన్లో ఫోటో తీసి ఉంచడం వల్ల ఏది ఎక్కడో వెతుక్కోలేదు. రేకు మూశాం. ప్లగ్గు పెట్టాం. అక్క మనసులో ఏ దేవుడికి మొక్కుకుందో గానీ టైమర్ తిప్పింది.

తిరిగింది!

మన సినిమాల్లో అయితే ఇక్కడ వాయిద్యాలు మోగి శుభం కార్డు పడుతుంది. కానీ బాబాయ్ ముఖంలో నవ్వు రాలేదు. చెవి మెషిన్‌కి ఆనించాడు.

"తిరుగుతోంది గానీ వేగం రావడం లేదు. రాసుకుంటోంది. ఇందాక మూత వేసి చూశావా?"

నేను నేల చూపులు చూశాను.

ప్లగ్గు పీకి మళ్లీ రేకు విప్పాం. ఈసారి మూత వేసి ఉంచి, కింద మోటారు పైనున్న గుండ్రటి డ్రమ్ముని చేత్తో తిప్పాను. మూత వేస్తే తేలిగ్గా తిరగాలి, తిరగలేదు. అంతకుముందు మూత తెరిచినప్పుడు ఎంత బిగుసో, ఇప్పుడూ అంతే! మూత వేసినప్పుడు ఒక తీగ లాగి బ్రేకు పట్టీని డ్రమ్ము నుంచి పక్కకి తప్పించాలి. తీగ సాగిపోయి వదులైంది. పట్టీ పూర్తిగా తప్పుకోక డ్రమ్ముని రాసుకుంటోంది. సెల్‌ఫోన్ లైటు వేస్తే డ్రమ్ము చుట్టూ నల్లటి పొడి. అంటే ఎన్నాళ్లనుంచో పాపం ఆ మోటారు బ్రేకు వేసిన బండిని లాగుతోంది.

"ఒక దొంగ దొరకగానే కేసు మూసెయ్యకూడదయ్యా" అన్నాడు బాబాయ్. తిట్టలేదు. ఆ తిట్టకపోవడమే నాకు బాగా తగిలింది. నేను ఇందాక "సరిగ్గానే ఉంది" అన్న ఒక్క అబద్ధపు మాటకి అరగంట పోయింది. అక్క దగ్గర ఆ అరగంట లేదు.

తీగ కొసని ఒక కన్నం ముందుకి జరిపి బిగించాడు. మూత వేస్తే పట్టీ తప్పుకుంది, తెరిస్తే పడింది. రెండూ పదిసార్లు చూశాం. నేనే చూశాను, ఈసారి నిజంగా! బ్రేకు పూర్తిగా ఊడదీస్తే వేగం వస్తుంది కదా అని అడిగాను. "వస్తుంది. మూత తెరిచాక కూడా తిరుగుతూనే ఉంటుంది. అక్క చెయ్యి పెడుతుంది. నా వేలు చూశావు గదా" అన్నాడు.

మళ్లీ ప్లగ్గు. మళ్లీ టైమర్. మొదట "ఊఁ", తర్వాత "ఊఊఁయ్", ఆ తర్వాత సన్నగా, నిలకడగా ఒకే శ్రుతి. బాబాయ్ కళ్లు మూసుకుని విని "ఇరవై నాలుగు ఫ్రేములు" అన్నాడు. కేబిన్‌లో మోటారు స్పీడు అందుకుంటే ఆయన అలాగే అనేవాడట.

నా ఫిజిక్సుకి అప్పుడు ధైర్యం వచ్చింది. కాగితం తీసి లెక్క వేశాను. మన కరెంటు 50 సైకిల్సు. నాలుగు పోళ్ల మోటారు చుట్టూ అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, మోటారు దానికి కాస్త వెనకబడి 1400 దాకా వస్తుంది. టబ్బు అడ్డకొలత 24 సెంటీమీటర్లనుకుంటే, ఆ వేగంలో అంచున ఉన్న నీటిబొట్టు మీద దాని బరువుకి సుమారు 260 రెట్లు బలం పడుతుంది. వేగం సగమైతే బలం సగం కాదు, నాలుగో వంతే, 65 రెట్లు! అందుకే "తిరుగుతోంది గదా" అని వదిలేస్తే బట్టలు పిండినట్టే ఉంటాయి, నీళ్లు మాత్రం ఓడుతూనే ఉంటాయి. ఈ లెక్క అక్కకి చూపించాను. "లెక్కలు తరువాత తమ్మీ, ఆ గాగ్రాలు అందియ్యి" అంది.

అందించాను. రాత్రి ఒంటిగంటన్నరకి ఆఖరి జత బయటికి వచ్చింది. గది అంతా తాళ్లు, తాళ్ల మీద గాగ్రాలు, రెండు ఫ్యాన్లు. కొడుకు పుస్తకం మూసి ఇస్త్రీ పెట్టె పట్టుకున్నాడు. వాళ్ల నాన్న గోడకి ఆనుకుని కూర్చుని హుక్కులు సరిచేశాడు. నేను మడతలు పెట్టాను. (నా మడతలు మళ్లీ అక్కే విప్పి పెట్టింది, అది వేరే సంగతి.)

ఐదుకి ఐదు నిమిషాలు తక్కువగా వాను హారన్ కొట్టింది. కాస్ట్యూమ్స్ అసిస్టెంటు కుర్రాడు మూటలు లెక్కపెట్టుకున్నాడు. 24. "ఆ... సరే అక్కా" అన్నాడు. అంతే! రాత్రంతా జరిగిన సినిమాకి వచ్చిన రివ్యూ ఆ మూడు మాటలు. వాను వెళ్లిపోయింది. అక్క మెషిన్ మీద తడిగుడ్డ వేసి తుడిచి, ముగ్గురికీ టీ పెట్టింది. కండెన్సరు డబ్బులు నా చేతిలో పెట్టబోతే వద్దన్నాను. "తీస్కో తమ్మీ, ఇయ్యకపోతే రేపు మల్ల పిలవనీకి నాకు మొఖం ఉండదు" అంది. తీసుకున్నాను. బాబాయ్ మాత్రం టీ చాలన్నాడు. పాత కండెన్సరు జేబులో వేసుకుని, మా కొళాయి పక్కన చెత్తబుట్ట ఉన్నా దాంట్లో వెయ్యకుండా ఇంటికి పట్టుకెళ్లాడు. ఎందుకని అడిగాను.

"చాలా ఏళ్లు పనిచేసింది గదయ్యా. ఒకరోజు ఉండనీ."

హాల్లోంచి రీళ్లు తీసేసిన రోజు ఆయన కూడా ఏదో ఒకటి ఇలాగే జేబులో వేసుకుని వచ్చి ఉంటాడు. నేను అడగలేదు.

మిత్రులారా, మీ ఇంట్లో మెషిన్ మూలిగిన రోజున ఈ వరస గుర్తు పెట్టుకోండి. ముందు బట్టలు సర్దండి. కరెంటు ఎంత వస్తోందో చూడండి. ప్లగ్గు పీకి, మూత తెరిచీ వేసీ టబ్బు తిరిగే తీరు చూడండి. ఆ తర్వాత కండెన్సరు. మోటారు వంతు ఆఖరున. మీటరు చేతికి రానివాళ్లు, తడినేల మీద నిలబడినవాళ్లు దయచేసి రేకు విప్పకండి, తెలిసినవాణ్ణి పిలవండి. పిలిచాక మాత్రం "కండెన్సరు కొలిచారా? బ్రేకు చూశారా?" అని రెండు ప్రశ్నలు వెయ్యండి. నాలుగు వేల మాట ఆ తర్వాత వినవచ్చు.

సినిమా ఆడకపోతే మనం మొట్టమొదట హీరోని తిడతాం. మెషిన్ ఆడకపోతే మోటారుని తిడతాం. చాలాసార్లు హీరో బాగానే ఉంటాడు. పక్కన నిలబడి తోసేవాడు నీరసించి ఉంటాడు, లేదా ఎవరో బ్రేకు వదలడం మరిచి ఉంటారు.

ఆ సాంగు రేపోమాపో మీ ఊరి హాల్లో చూస్తారు. హీరో హీరోయిన్ల మీద నుంచి ఒక్క క్షణం కళ్లు తిప్పి, వెనక వరసలో తిరిగే గాగ్రాలు చూడండి. మొదటి సగంలో బురద, రెండో సగంలో మెరుపు కనబడితే కంటిన్యూటీ తప్పిందని ఉత్తరం రాయకండి. ఆ మెరుపు వెనకాల ఒక రాత్రి ఉంది!

వచ్చేవారం మళ్లీ కలుద్దాం.